చిగుళ్ళకు వైద్యం చేయిస్తే గుండెపోటు ఆగుతుందా?

బెజవాడ సుధ

మా నాన్నకు 61 ఏళ్ళు. పదేళ్ళుగా షుగర్ ఉంది. బ్రష్ చేస్తే ఉమ్మిలో రక్తం పడుతోంది. కింది వరసలో రెండు పళ్ళు నాలుకతో తోస్తే కదులుతున్నాయి. పోయిన వారం పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, గార చిగుళ్ళ కిందికి దిగిపోయింది, నాలుగు సిట్టింగుల్లో తీయాలి అన్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ, "ఇది చేయించకపోతే గుండెకు వస్తుందమ్మా" అని కూడా అన్నారు. ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు. మా బావేమో, అదంతా డబ్బుల కోసం పెట్టే భయం అని కొట్టిపారేశాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

చిగుళ్ళ డాక్టర్, వరంగల్

సుధ గారూ, మీ బావగారు తేలిగ్గా తీసేస్తున్నారు. పన్నుకీ చిగురుకీ మధ్య సందులో మేం గీతలున్న సన్నని పుల్ల లాంటి పరికరం పెట్టి కొలుస్తాం. చిగురు బాగుంటే రెండు మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. జబ్బు ముదిరితే ఆరు, ఏడు కూడా దిగుతుంది, బయటికి తీసేలోపే రక్తం ఉబుకుతుంది. పళ్ళన్నిటి చుట్టూ అలాంటి పుండు ఉంటే, అన్నం నమిలినా అక్కడి బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది. మెడ రక్తనాళాల్లోంచి తీసిన కొవ్వు పూడికలో చిగుళ్ళ బ్యాక్టీరియా డీఎన్ఏ దొరికింది.

స్వీడన్‌లో పారోక్రాంక్ అని ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2016లో వచ్చాయి. మొదటిసారి గుండెపోటు వచ్చిన 805 మందిని, రాని 805 మందిని పోల్చి చూశారు. పళ్ళ ఎక్స్‌రేల్లో చిగుళ్ళ జబ్బు కనిపించింది గుండెపోటు వచ్చినవాళ్ళలో 43 శాతం మందికి, రానివాళ్ళలో 33 శాతం మందికి. పొగ, షుగర్ లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా తేడా మిగిలింది.

లెక్కల మాస్టారు, ఏలూరు

డాక్టరు గారూ, మీరు చెప్పిన అంకెలు సరైనవే. నా పేచీ "చేయించకపోతే గుండెకు వస్తుంది" అన్న మాటతో. రెండు జబ్బులు ఒకే మనిషిలో కనబడ్డాయంటే, ఒకటి రెండోదాన్ని తెచ్చిందని అర్థం కాదు కదా. పొగ చిగుళ్ళనీ పాడు చేస్తుంది, గుండెనీ పాడు చేస్తుంది. షుగరూ అంతే. లెక్కలోంచి తీసేశాం అంటారు గానీ, ఇరవై ఏళ్ళు తాగినవాడినీ రెండేళ్ళు తాగినవాడినీ ఒకే గడిలో వేస్తే ఆ తేడా పూర్తిగా పోదు.

ఈ చర్చ 1989లో ఫిన్లాండ్ పరిశోధకుల వ్యాసంతో ఊపందుకుంది. ఆ తర్వాత అమెరికాలో జరిగిందే చూడండి. ఒక పెద్ద ఆరోగ్య సర్వే సమాచారం తీసుకుని, చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు 25 శాతం ఎక్కువని 1993లో రాశారు. అదే సర్వే మీద 2000లో వేరే బృందం లెక్క కట్టి, నమ్మదగ్గ సంబంధం కనబడలేదని తేల్చింది! అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో అంతా వడపోసి, సంబంధం ఉంది గానీ ఇది దానికి కారణమన్న రుజువు లేదు, చిగుళ్ళ వైద్యంతో గుండెజబ్బు ఆగుతుందన్న ఆధారమూ లేదు అని ప్రకటించింది. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష కూడా సరిపడా ఆధారం లేదనే చెప్పింది.

నిద్రపట్టని పెద్దాయనకు చెప్పాల్సింది ఈ మాట. సుధమ్మా, ఒక సంగతి అడగాలి. నాన్నగారు పొగ తాగుతారా?

చిగుళ్ళ డాక్టర్, వరంగల్

మాస్టారూ, 2007లో 120 మందితో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. సగం మందికి చిగుళ్ళకు గట్టి వైద్యం చేసి, చేతి రక్తనాళం ఎంత బాగా సాగుతుందో కొలిచారు. మొదటి రోజు సాగడం తగ్గింది, ఆరు నెలలకు బాగా మెరుగైంది. కాబట్టి చిగురు ప్రభావం నోటితో ఆగడం లేదన్నది నా నమ్మకం.

అయితే అందులో కొలిచింది రక్తనాళాన్ని, గుండెపోట్లను లెక్కపెట్టలేదు. అది ఒప్పుకుంటాను. నేనైతే పేషెంటుకు గుండె పేరు చెప్పి వైద్యం మొదలుపెట్టను. చెప్పాల్సిన కారణం వేరే ఉంది. చిగుళ్ళు బాగుపడితే షుగర్ ఉన్నవాళ్ళకు మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 0.4 పాయింట్ల దాకా తగ్గుతుంది. దీనికి మంచి ఆధారం ఉంది. పైగా వదిలేస్తే ఆ రెండు పళ్ళు ఎలాగూ ఊడతాయి.

కాకినాడ అన్నయ్య

మీ వాదనలో ఒక ముక్క కలిసిపోకూడదని రాస్తున్నాను. మా తమ్ముడికి చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది, తర్వాత కృత్రిమ కవాటం వేశారు. వాడికి పంటి బ్యాక్టీరియా నేరుగా ప్రమాదమే. రక్తంలో పడి కవాటం మీద కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. పన్ను పీకే ముందు, చిగుళ్ళు క్లీన్ చేసే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. ఒకచోట ఎవరూ అడగలేదు, వాడే గుర్తుచేసి కుర్చీలోంచి లేచొచ్చాడు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు కూడా, పన్ను పీకించుకోవాలని రక్తం పల్చబడే మందులు సొంతంగా ఆపకండి. గుండె డాక్టర్ని అడగండి.

ఇంకోటి. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పి పంటిది కాకపోవచ్చు. ముందు ఈసీజీ తీయించండి.

బెజవాడ సుధ

అందరికీ నమస్కారం. దవడ నొప్పి ఉందా అని నాన్నను అడిగాను, లేదన్నారు. మాస్టారూ, మీరు అడిగింది నిజమే. రోజుకు పది బీడీలు, నా చిన్నప్పటి నుంచీ. పళ్ళ డాక్టరు దాని గురించి ఒక్క మాట కూడా అడగలేదు. మొదటి సిట్టింగ్ ఆదివారం. షుగర్ కోసమూ పళ్ళ కోసమూ చేయిస్తున్నామని నాన్నకు చెప్పాను, భయం కాస్త తగ్గింది. బీడీలు మాన్పించడం మాత్రం నా వల్ల కావడం లేదు. ఎవరిని కలవాలి?

చిగుళ్ళ డాక్టర్, వరంగల్

బీడీ కట్ట మీద 1800 11 2356 అని ఉంటుంది చూడండి. కాల్ ఉచితం. నాన్నగారి చేతే చేయించండి, పక్కన మీరు కూర్చోండి. గుండెకైనా చిగుళ్ళకైనా దాన్ని మించిన మేలు నా చేతిలో లేదు.