బతుకమ్మ స్టేజీ సామాను: ముందు గంగాధర్ ఎత్తు పళ్ల సంగతి తేల్చండి

స్టేజీ టీం, హన్మకొండ నుంచి:

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం మన బతుకమ్మ స్కిట్ కాల్‌లో నా నెట్ మధ్యలో పోయింది. నేను చెప్పింది సగమే వినిపించినట్టుంది. ఆ సగం విని ఎవరో శక్తిమాన్ డ్రెస్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడుతున్నారని తెలిసింది. దయచేసి ఆపండి. మనకు కావలసింది డ్రెస్ కాదు, శక్తిమాన్ మారువేషమైన గంగాధర్ ఎత్తు పళ్లు.

స్కిట్ 12 నిమిషాలు. అక్కలు బతుకమ్మ పేరుస్తుంటే గంగాధర్ ఫోటోలు తీయడానికి వస్తాడు. శక్తిమాన్ సీరియల్‌లో కూడా అతను ‘ఆజ్ కీ ఆవాజ్’ పత్రిక ఫోటోగ్రాఫరే కదా. కెమెరా తలకిందులుగా పట్టుకుంటాడు, గునుగు పువ్వును చూసి సంస్కృతం కలిపిన హిందీలో పొగుడుతాడు, అందరితో చీవాట్లు తింటాడు. చివర్లో గిర్రున తిరిగి శక్తిమాన్ అవుతాడు. అంటే 11 నిమిషాలు గంగాధర్, ఒక్క నిమిషం శక్తిమాన్. ఆ నిమిషానికి మెరూన్ టీషర్ట్, గుండె మీద బంగారు రంగు కాగితంతో చక్రం చాలు. కానీ ఆ ఎత్తు పళ్లు లేకపోతే మొదటి 11 నిమిషాలు స్టేజీ మీద ఉన్నది ఎవరో ఒక్కరికీ అర్థం కాదు.

సీరియల్ 1997 సెప్టెంబరు 13న మొదలైంది. నేను అప్పుడు నాలుగో తరగతి. తర్వాత ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు వచ్చేది. యాంటెన్నా తిప్పడం, సరిగ్గా అప్పుడే కరెంటు పోవడం మీ అందరికీ తెలిసిందే, వదిలేస్తా. మా వాడలో పిల్లలందరూ శక్తిమాన్ కావాలనుకునేవాళ్లు, మెడకు తువ్వాలు కట్టుకుని తిరిగేవాళ్లు. తిరిగి తిరిగి కళ్లు తిరిగి పడేవాళ్లు. నాకు మాత్రం గంగాధర్ కావాలని ఉండేది. ముకేశ్ ఖన్నా అంత ఎత్తు మనిషి, ఆ పళ్లూ గుండ్రటి కళ్లద్దాలూ పెట్టుకోగానే భుజాలు కూడా దించి వేరే మనిషైపోయేవాడు. ఆ గుట్టంతా పళ్లలోనే ఉందని అప్పట్లో నా నమ్మకం.

పళ్లు ఎక్కడ దొరుకుతాయి? మొదట కమలాపండు తొక్కతో చేశాను. చేదు, పైగా కళ్లలో నీళ్లు. తర్వాత చాక్‌పీస్. అది నోట్లో కరిగి నాలుక సున్నం కొట్టిన గోడలా అయింది. చివరికి మా పెద్దనాయన కొడుకు దారి చూపించాడు. భద్రకాళి గుళ్లో కొట్టిన కొబ్బరికాయ చిప్ప ఒకటి తీసుకుని, బాపు గడ్డం గీసుకునే సగం బ్లేడుతో రెండు వేళ్ల వెడల్పు ముక్క కోశాడు. మధ్యలో ఒక గీత, కింద రెండు మూలలూ కాస్త గుండ్రంగా, పైన లోపలి వైపు సన్నటి గాడి. ఆ గాడి అసలు పళ్లకు ఆనుతుంది, పై పెదవి దాన్ని పట్టుకుంటుంది. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే నేను లేను, గంగాధర్ ఉన్నాడు. మూడో రోజుకు ముక్క పసుపెక్కేది, చీమలు పట్టేవి. మళ్లీ ఎవరింట్లో కొబ్బరికాయ కొడతారా అని చూసేవాళ్లం.

ఆ ఏడాది స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. మైకు ముందు నిలబడి పూర్తి పేరు చెప్పాలి: గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ఓంకార్‌నాథ్ దాకా బాగానే నడిచింది. ‘శాస్త్రి’ దగ్గర గాలి తన్ని పళ్లు ఎగిరి ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఒళ్లో పడ్డాయి. హాలంతా ఊగిపోయింది. మొదటి బహుమతి అద్దె కిరీటం పెట్టుకొచ్చిన కృష్ణుడికి ఇచ్చారు. నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది, దాచను. ఇంటికి వెళ్తూ దారిలో పళ్లు నమిలి తినేశాను.

ఇక అసలు పని. నిన్న జనగామ మీదుగా చేర్యాల వెళ్లి వచ్చాను. నకాశీ పటాలు (గుడ్డ మీద కథల బొమ్మలు), మాస్కులు చేసే ఒక ఇంట్లో 15 చిన్న మాస్కులకు అడ్వాన్స్ ఇచ్చాను. గుండ్రటి కళ్లద్దాలు, ఎత్తు పళ్లు, పక్క పాపిడి. కొబ్బరి చిప్పను అచ్చుగా పెట్టి రంపపు పొట్టు, చింతగింజల జిగురు ముద్ద దాని మీద పరుస్తారు. ఆరాక తెల్ల పూత, దాని మీద రంగులు. ఆ ఇంటి పెద్దాయనకు ఫోన్‌లో గంగాధర్ బొమ్మ చూపిస్తే చాలాసేపు చూశాడు. ఇలా పళ్లు బయటికి ఉంటే తాము రాక్షసుడికి వేస్తామని, ఇతను మంచివాడే కదా అని ఆయనకు అనుమానం. కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది. విన్నాక, అయితే కళ్లు పెద్దవి చేసి చల్లగా చూసేట్టు వేస్తానన్నాడు. నాకు ఆ మాట నచ్చింది, సరే అన్నాను.

రెండు రోజులుగా ముసురు. ఎండ రాకపోతే మాస్కులు ఆరవు, అదే టెన్షన్. తిరుగు విమానంలో నాకున్నవి 23 కిలోల బ్యాగులు రెండే కాబట్టి ఇంకెవరూ పచ్చళ్లు, సకినాలు తెమ్మని అడగొద్దు. అడిగినవాళ్లు ఇప్పటికే ఆరుగురు.

సౌండ్ టీం:

అన్నా, మాది కరీంనగర్. మాకు గంగాధర్ కంటే ముందు జంగిల్ బుక్ సీరియల్‌లో మోగ్లీ విసిరే బూమరాంగ్ పిచ్చి. విరిగిన ఫ్యాను రెక్క వంచి చేశాం. విసిరాం, తిరిగి రాలేదు. పక్కింటి పెంకుల మీద పడి రెండు పెంకులు పగిలాయి, వాటి డబ్బులు మా నాయన కట్టాడు. అంచులకు సరైన వంపు లేకపోతే అది తిరిగి రాదని ఇంజనీరింగ్‌లో తెలిసింది, అప్పటికి ఏం లాభం? స్కిట్‌లో దాన్ని కూడా పెట్టుకోవచ్చా? పెట్టొద్దంటే ఏమీ అనుకోను. ఇంకో మాట, పళ్లు పెట్టుకుని మాట్లాడేవాళ్లకు కాలర్ మైక్ పెడతాను. చేతి మైకులో ఊపిరి మోత ఎక్కువ వస్తుంది.

పిల్లల టీం:

మాస్కులు బాగున్నాయి. కానీ ఎనిమిదేళ్ల లోపు పిల్లల నోట్లో కొబ్బరి ముక్కలు వద్దు, గొంతులో పడితే కష్టం. వాళ్లకు పుల్లకు అతికించిన మాస్కే ఇవ్వండి. గిర్రున తిరిగే సీన్ ఒక్కరే చేయాలి. పోయినసారి రిహార్సల్‌లో పిల్లలందరూ ఒకేసారి తిరిగి ఇద్దరు బతుకమ్మ తాంబాళం మీద పడ్డారు.

ఖజానా:

డ్రెస్ ఆర్డర్ పెట్టింది నేనే. క్యాన్సిల్ చేశాను. మాస్కుల బిల్లు తెలుగులో ఉన్నా పర్వాలేదు, ఫోటో పంపండి.

వంటల టీం:

తమ్మీ, నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. కానీ కొబ్బరికాయల లెక్క నాది. మనం చేసేది సద్దుల బతుకమ్మ. పెరుగు, పులిహోర, నిమ్మ, నువ్వులు, కొబ్బరి, ఐదు సద్దులు. ఆ కాయల్లోంచి పళ్లు కోసుకుంటామంటే ఒప్పుకోను. నైవేద్యం కాకముందే నోట్లో పెట్టుకుంటే ఎంగిలి. ఎంగిలి పూల బతుకమ్మ మొదటి రోజే అయిపోతుంది, చివరి రోజు మళ్లీ చేయం. మీ కాయలు మీరు వేరే కొనుక్కోండి, నా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, మీద పేరు రాయండి.

స్టేజీ టీం:

అక్కా, సరే. నోట్లో పెట్టుకునేది పెద్దవాళ్లలో ఒక్కరే, ఆ ఒక్కరూ నేనే. బూమరాంగ్ ఈసారికి వద్దు తమ్మీ, హాల్ గోడల డిపాజిట్ మన చేతికి తిరిగి రావాలి.

కాయలు తెచ్చేవాళ్లకు ఒక మాట. తురుము, ప్యాకెట్ ముక్కలు తేవద్దు. ముదురు కాయలు రెండు, పీచు తీసినవి. చిప్ప నుంచి కొబ్బరి తీశాక వెనక ఉన్న గోధుమ రంగు పొర చెక్కేయకండి. ఒక అంచున అది కొంచెం మిగలాలి. పెదవి కింద అదే పంటి చిగురులా కనిపిస్తుంది.