మెటాలికా ఇంత సంపాదించినాక కూడా మనం డబ్బులు కట్టాలా?

అలిపిరి_రిఫ్ (తిరుపతి):
అన్నలూ, అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా గురించి ఒక పంచాయితీ తీర్చండి. మా బ్యాచ్‌లో సగం మంది "వాళ్ళు కోటీశ్వరులు, సొంత అభిమానుల మీదకే పోయినోళ్ళు, మనమెందుకు కట్టాల" అంటాండారు. మిగతావాళ్ళు పాట చూడు, పర్సు చూడొద్దు అంటాండారు. తిట్లు వద్దు, లెక్క చెప్పండి. నెట్‌లో పాటలు ఊరికే పంచుకునే నాప్‌స్టర్‌తో వాళ్ళ గొడవలో తప్పెవరిది? వాళ్ళ 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' సీడీ గరగరమనేది సీడీ వల్లా, మా స్పీకర్ల వల్లా? టికెట్ రేటుకు బ్యాండ్‌ను తిట్టాలా, అమ్మే యాప్‌నా?

పలమనేరు_పెడల్ (చిత్తూరు):
నాప్‌స్టర్ కథ అందరూ సగమే చెప్తారు. మెటాలికా 'ఐ డిసప్పియర్' పాట ఇంకా పూర్తికాకుండానే, రిలీజ్‌కు ముందే బయటపడి అమెరికా రేడియోల్లో మోగింది. మూలం వెతికితే నాప్‌స్టర్ తేలింది. 2000 ఏప్రిల్‌లో కేసు వేసింది కంపెనీ మీద, వినేవాళ్ళ మీద కాదు. కానీ మే నెలలో డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ మూడు లక్షల పైచిలుకు యూజర్ల పేర్లు అట్టపెట్టెల్లో మోసుకుపోయి ఇచ్చినాడు, ఆ అకౌంట్లన్నీ మూసేసినారు. అభిమానులకు మంట పుట్టింది కేసుకు కాదు, ఆ పెట్టెలకు. 2001లో రాజీ అయిపోయింది.

ఇంకోటి ఎవరూ చెప్పరు. 90ల నుంచే తమ కచేరీలను అభిమానులు టేపు చేసుకోవచ్చని ఒప్పుకున్న బ్యాండ్ ఇదే. కాబట్టి పిసినారితనం అనడం కుదరదు. ఏది ఇవ్వాలో మేమే తేల్చుకుంటాం అనే పట్టుదల, అంతే. 2012లో పాత రికార్డుల మాస్టర్ (అసలు రికార్డింగ్) హక్కులు కూడా సొంతం చేసుకున్నారు.

క్లిప్పింగ్_సామి (తిరుపతి):
మీ స్పీకర్ల తప్పు కాదు బ్రో. నువ్వే చూసుకోవచ్చు. సీడీని వేవ్ లేదా ఫ్లాక్‌లోకి (శబ్దం ఏమీ పోని ఫైళ్ళు) రిప్ చెయ్యి. యూట్యూబ్ నుంచి దించిన ఎంపీ3తో చూడొద్దు, ఆ కుదింపు వల్ల కూడా శబ్దం అలల శిఖరాలు హద్దు గీత దాటతాయి, ఏ తప్పు ఎవరిదో తెలీదు. ఫైలును ఆడాసిటీ (ఉచిత సౌండ్ ఎడిటర్)లో వేసి, వ్యూ మెనూలో 'షో క్లిప్పింగ్' టిక్ పెట్టు. ఆ శిఖరాల తల తెగిన చోటల్లా ఎర్రగీతలు వస్తాయి. పక్కనే వాళ్ళ 1991 బ్లాక్ ఆల్బమ్ మొదటి సీడీ వెయ్యి. అందులో ప్రతి డ్రమ్ము దెబ్బా విడిగా పైకి లేచి కనబడతాది. 'డెత్ మాగ్నెటిక్'లో కోత మిషను పోయిన మడిలాగా అంతా ఒకే ఎత్తు.

గట్టిగా వినబడాలని లిమిటర్‌తో (శిఖరాలను అణిచే సాధనం) నొక్కి శబ్దాన్ని పెంచుతూ పోయినారు. శిఖరం తెగితే దెబ్బలో ఊపు పోతాది, గంటసేపు వింటే తలనొప్పి. స్ట్రీమింగ్ యాప్‌లో 'నార్మలైజ్' నొక్కినా లాభంలేదు, వాల్యూమ్ తగ్గుతాదే గానీ తెగింది అతకదు. మాస్టరింగ్ (చివరి మెరుగు) చేసిన టెడ్ జెన్సెన్ కూడా మిక్స్ (ట్రాకులన్నీ కలిపిన పాట) తన దగ్గరికి వచ్చేటప్పటికే అట్లా ఉందన్నాడు. అదే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో శుభ్రంగా ఉండాయి. అంటే మంచి రికార్డింగ్ చేతిలో పెట్టుకుని చెడగొట్టి అమ్మినారు. అభిమానులు వేలల్లో సంతకాలు పెట్టినా సీడీ మార్చలేదు. నా దృష్టిలో నాప్‌స్టర్ కంటే ఇదే పెద్ద తప్పు.

రేణిగుంట_జంక్షన్:
టికెట్ల సంగతి నేను చెప్తా. డిమాండును బట్టి రేటు ఎగిరే పద్ధతికి బ్యాండ్ వైపు నుంచి ఒప్పుకోవాల. ఒప్పుకోకపోతే ఆగుతాది. 2023లో ద క్యూర్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ అదే చేసింది. ఎగిరే రేట్లు వద్దంది, 20 డాలర్ల టికెట్లు పెట్టింది. దాని మీద ఫీజులు టికెట్టు కంటే ఎక్కువయ్యేసరికి వాళ్ళ గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా నిలదీస్తే, టికెట్లమ్మే టికెట్‌మాస్టర్ చవక టికెట్లకు 10 డాలర్లు, మిగతావాటికి 5 డాలర్లు వెనక్కిచ్చింది.

మన దగ్గర కోల్డ్‌ప్లే 2025 జనవరి షోలు చూడండి. 2,500 నుంచి 35,000 దాకా టికెట్లు, వాటితోపాటు 2,000 రూపాయలవి కొన్ని. ఈ చవకవి జంటగానే కొనాల, సీటు ఎక్కడో ముందుగా చెప్పరు. బ్లాక్‌లో లక్షలు పలికినాయి. ఎందుకంటే టికెట్టుకు మనిషి పేరు గట్టిగా కట్టిపెట్టలేదు. మన కొండ మీద 300 రూపాయల దర్శనం టికెట్టుకు బుకింగ్‌లోనే ఆధార్ నంబరు అడుగుతారు, క్యూలో అదే కార్డు చూపాల, వేరేవాళ్ళ పేరుకు మారదు. కచేరీకి ఈ మాత్రం చెయ్యడం కష్టమా? క్యూర్ వాళ్ళు చేసి చూపించినారు, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం చట్టం అడ్డొచ్చింది.

కాబట్టి ఫీజుకు యాప్‌ను తిట్టు, ఎగిరే రేటుకు బ్యాండ్‌ను తిట్టు.

ఖాళీ_జేబు (మదనపల్లె):
ఇంత చర్చ దేనికి? మెటాలికా వాళ్ళకు నీ వెయ్యి రూపాయలు కనబడవు. బెంగళూరు మెటల్ బ్యాండ్ క్రిప్టోస్ లాంటివాళ్ళకు కనబడతాయి. పాటలమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైటు 15 శాతం పట్టుకుంటాది, పేమెంట్ ఖర్చులు పోను మిగతాది బ్యాండ్‌కో, వాళ్ళ రికార్డు కంపెనీకో పోతాది. 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' రోజు ఆ 15 కూడా వదిలేస్తారు. ఆ రోజు చూసి కొను.

అలిపిరి_రిఫ్:
థ్యాంక్స్ అన్నలూ. చివరగా ఒకటి. మెటాలికా 1988 'జస్టిస్' ఆల్బమ్ 2018 రీమాస్టర్ కొనాలనుకుంటాండా. పాతదాంట్లో బేస్ గిటార్ దాదాపు వినబడదు గదా, ఇందులో వినబడతాదా?

క్లిప్పింగ్_సామి:
వినబడదు. రీమాస్టర్ అంటే తయారైన మిక్స్‌కు మెరుగు పెట్టడమే, బేస్ పెంచాలంటే విడి ట్రాకులు తీసి మళ్ళీ మిక్స్ చెయ్యాల. అది చెయ్యబోమని వాళ్ళే చెప్పేసినారు. బేస్ వాయించిన జేసన్ న్యూస్టెడ్ 1988లో ఎంత వినబడినాడో ఇప్పుడూ అంతే. పాత సీడీ ఉంటే ఆ డబ్బు మదనపల్లె అన్న చెప్పిన దాంట్లో పెట్టు.