నా పాన్ మీద ఎవరో లోన్ తీసుకున్నారు, మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

నెల్లూరుచేప
హోమ్ లోన్‌కి ఫైల్ పెట్టాను. మేనేజర్ సిబిల్ రిపోర్టు తీసి, "మీకు పర్సనల్ లోన్ ఒకటి ఓవర్‌డ్యూలో ఉంది, ముందు అది క్లియర్ చేసుకుని రండి" అన్నాడు. ఆ కంపెనీ పేరు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. యాప్‌లో అప్పులిచ్చే ఏదో ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అట. రిపోర్టులో ఫోన్ నంబరు నాది కాదు, అడ్రస్ నాది కాదు, పాన్ ఒక్కటే నాది. దీన్ని తీయించడం ఎలా? నేనుండేది బెంగళూరు, సొంతూరు కావలి. కంప్లయింట్ ఎక్కడ ఇవ్వాలి? అసలు పాన్ నంబరే మార్చుకుంటే పోదా? ఇకమీదట ఎవడూ నా పేరు వాడకుండా ఏం చెయ్యాలో కూడా చెప్పండి. ఇంట్లో చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మీసేవమామ
ఇలాంటి కేసులు నా కౌంటర్‌కి వస్తూనే ఉంటాయి. సెంటర్ నడిపేవాణ్ని కాబట్టి అనుభవంతో చెబుతున్నా, ముందు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చెయ్యి. ఆధార్ యాప్‌లో రెండు నిమిషాల పని. మిగతాదంతా తర్వాత.

స్వాతి_విశాఖ
మామగారూ, ఆయన అడిగింది పాన్ గురించి, మీరు వేలిముద్రల దగ్గరికి పోయారు.

నెల్లూరు అన్నా, నాకూ అచ్చంగా ఇదే జరిగింది, తీయించుకున్నాను. సిబిల్‌లో డిస్ప్యూట్ పెట్టి ఊరుకుంటే ఏమీ కాదు. వాళ్లు ఆ అప్పిచ్చిన కంపెనీనే అడుగుతారు, కంపెనీ "లోన్ కరెక్టే" అంటే ఫైల్ మూసేస్తారు. అందుకే డిస్ప్యూట్ పెట్టిన రోజే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. ఆ పేరు, మెయిల్ వాళ్ల వెబ్‌సైట్లో ఉండి తీరాలి. "నా లోన్ కాదు" అని ఒక్క ముక్క రాస్తే పట్టించుకోరు. లోన్ అగ్రిమెంట్ కాపీ, కేవైసీకి ఇచ్చిన ఫొటోలు, డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడిందో ఆ వివరం, ఈ మూడూ అడగండి. నాకు పంపిన పాన్ కార్డు ఫొటోలో నా పేరు, మా నాన్న పేరు, నా పుట్టినతేదీ అన్నీ ఉన్నాయి, మొహం మాత్రం ఎవరో గడ్డమున్న కుర్రాడిది! వాళ్ల వెరిఫికేషన్ టీమ్ ఆ గడ్డాన్ని చూసి స్వాతి అని ఎలా ఒప్పుకుందో ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఫొటోనే తిరిగి వాళ్ల మొహాన కొట్టాక దారికొచ్చారు.

కంప్లయింట్ అందిన 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు మనకి కట్టాలని ఆర్‌బీఐ రూలుంది. మెయిల్లో ఆ మాట రాయండి, ఊపు వస్తుంది. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) పోర్టల్ ఉంది, ఫీజు లేదు.

మిర్చియార్డ్_శీను
మామ చెప్పింది తీసిపారేయకండి. మా అమ్మ పాస్‌బుక్ ఎంట్రీ వేయిద్దామని వెళితే ఏఈపీఎస్ (ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి) విత్‌డ్రాయల్ అని ఒకదాని కింద ఒకటి లైన్లు. ఆవిడకి ఏటీఎం కార్డే లేదు, ఫోన్‌పే అంటే ఏంటో తెలియదు. మెసేజ్ కూడా రాలేదు, ఎందుకంటే బ్యాంకులో ఉన్నది మా నాన్న పాత నంబరు. వేలిముద్ర ఎక్కడ దొరికిందయ్యా అంటే, అంతకుముందే ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ అయింది. డాక్యుమెంట్లో పదివేళ్ల ముద్రలూ, ఆధార్ నంబరూ పక్కపక్కనే. దొంగకి ఇంకేం కావాలి?

జనగామ_చిన్నరైతు
లాక్ లాక్ అంటున్నరు గానీ, మా అమ్మ రేషన్ బియ్యం తెచ్చుకోవాలంటే వేలు పెట్టాలె. పింఛనుకి వేలు పెట్టాలె. లాక్ చేసి ఇంట్ల కూసుంటే బియ్యం మీరు పంపుతరా? మా ఊళ్ల ఒకాయన టీవీల చూసి లాక్ చేసిండు, డీలర్ మిషన్ మీద 330 అని ఎర్రర్ వచ్చింది, ఆ నెల తిప్పలు పడ్డడు. సిటీల ఉండేటోళ్లు సలహాలు చెప్పుడు అలకగ ఉంటది.

మీసేవమామ
330 అంటే బయోమెట్రిక్ లాక్‌లో ఉందని అర్థం. డీలర్‌కి ఆ మాత్రం తెలియకపోతే నేనేం చెయ్యను? యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేసి వేలు పెట్టాలి, కాసేపటికి దానంతటదే మళ్లీ లాక్ పడిపోతుంది.

జనగామ_చిన్నరైతు
ఆ అన్‌లాక్‌కి ఓటీపీ రావాలె. మా అమ్మ చేతిల ఉన్నది బటన్ ఫోన్. రేషన్ లైన్ల నిలబడి యాప్ తెరుస్తదా?

మిర్చియార్డ్_శీను
బటన్ ఫోన్‌కి ఓటీపీ రాదా ఏంటి? కొడుకు ఉన్నది ఎందుకు? నెలకోసారి పది నిమిషాలు కేటాయించలేరా?

జనగామ_చిన్నరైతు
నోరు అదుపుల పెట్టుకో తమ్మీ. నేను హైదరాబాద్‌ల పని చేసుకుంట. మీ అమ్మ పైసలు పోయినప్పుడు నువ్వేడున్నవ్?

మిర్చియార్డ్_శీను
మా అమ్మ జోలికి రావద్దు.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ ఆగండి. మీరు రెండు వేర్వేరు లాక్‌ల గురించి కొట్టుకుంటున్నారేమో కూడా చూసుకోండి. బయోమెట్రిక్ లాక్ ఒకటి, ఆధార్ నంబరు లాక్ ఇంకోటి. మొదటిది చేస్తే వేలు, కన్ను, ముఖం పనిచెయ్యవు, ఓటీపీ పనిచేస్తుంది. రెండోది చేస్తే ఆధార్ నంబరుతో ఏదీ నడవదు, 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వాలి. పల్లెల్లో పెద్దవాళ్లకి ఆ రెండోది పొరపాటున నొక్కితే మాత్రం చుక్కలు కనబడతాయి.

ఇక నెల్లూరు గారికి. పాన్ మార్చుకోవడం కుదరదు. దుర్వినియోగం జరిగిందని కొత్త నంబరు ఇవ్వరు, దొంగచాటుగా రెండోది తీసుకుంటే 10,000 రూపాయల పెనాల్టీ. పైగా పాన్ అనేది రహస్యమే కాదు. మీ వీధి కిరాణా కొట్టు బిల్లు మీద జీఎస్టీ నంబరు చూడండి. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, ఆంధ్రకి 37, తెలంగాణకి 36. ఆ తర్వాతి పదీ ఆ యజమాని పాన్. 2023లో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా చేసింది ఇదే. సినిమా తారల, క్రికెటర్ల జీఎస్టీ నంబర్లలోంచి పాన్ లాగి, పుట్టినతేదీలు నెట్‌లో చూసుకుని, సొంత ఫొటోలు అంటించి క్రెడిట్ కార్డులు తీశారు. వాళ్లంతటివాళ్లకే తప్పలేదు. కాబట్టి పాన్ దాచుకోవడం కాదు, దాని మీద ఏం జరుగుతోందో చూస్తూ ఉండటం ముఖ్యం. సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒక్కోదాన్ని మూడు నెలలకోసారి తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. జీఎస్టీ పోర్టల్లో పాన్‌తో వెతికితే మీ పేరు మీద ఎవడైనా కంపెనీ తెరిచాడేమో కూడా తేలిపోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్లో ఏఐఎస్ (మన పాన్ మీద నమోదైన ఆదాయం, లావాదేవీల పట్టిక) ఎటూ చూస్తారు కదా.

డల్లాస్‌బాబు
ఇండియాలో క్రెడిట్ ఫ్రీజ్, అంటే కొత్త అప్పుల కోసం మన రిపోర్టు ఎవరూ తెరవకుండా తాళం, పెట్టుకోరా? మాకు ఇక్కడ 2017లో ఈక్విఫ్యాక్స్ అనే క్రెడిట్ బ్యూరో నుంచి 14 కోట్ల మందికి పైగా డేటా పోయాక, 2018 నుంచి మూడు బ్యూరోల్లోనూ ఫ్రీజ్ ఫ్రీ చేశారు. నేను ఎప్పుడో ఫ్రీజ్ చేసి పడేశాను. కారు కొనేటప్పుడు తెరవడం, మళ్లీ మూసెయ్యడం. ట్యాక్స్ రిటర్న్‌కి కూడా ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) ఇచ్చే ఐపీ పిన్ తీసుకున్నా, నా ఎస్ఎస్ఎన్‌తో (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఎవడూ ముందే రిఫండ్ కొట్టేయకుండా. సిస్టం అంటే అలా ఉండాలి.

మిర్చియార్డ్_శీను
అన్నా, మీకు ఎస్ఎస్ఎన్. మాకు రేషన్ లైన్.

విజయవాడ_వాణి
నా బాధ వేరే. జిరాక్స్ షాపుల్లో కంప్యూటర్లలో మన ఆధార్ పీడీఎఫ్‌లు గుట్టలుగా పడుంటాయి. నేను ఎవరికి కాపీ ఇచ్చినా మధ్యలో అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేస్తాను. అందరూ చెయ్యాలి.

మీసేవమామ
దానివల్ల ఉపయోగం లేదమ్మా. ఫొటోషాప్‌లో గీత తుడవడానికి ఎంతసేపు?

విజయవాడ_వాణి
కాపీ ఎక్కడ లీకైందో తెలుస్తుంది కదా. సిమ్ కంపెనీకి రాసిచ్చిన కాపీతో చీటీ ఫండ్‌లో ఖాతా తెరిస్తే, ఆ కాపీ ఎక్కణ్నుంచి వచ్చిందో పోలీసులకి చెప్పొచ్చు. మీరు మీ సెంటర్‌లో కస్టమర్ల ఫైళ్లు సాయంత్రం డిలీట్ చేస్తారా? ముందు అది చెప్పండి.

మీసేవమామ
నా సెంటర్‌ గురించి మాట్లాడే ముందు వచ్చి చూడు. రోజూ రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తా.

లెక్కల_మాస్టారు
2022 మేలో ఆధార్ సంస్థే కాపీలు ఎవరికీ ఇవ్వొద్దు, మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని ఒక ప్రకటన ఇచ్చి, గగ్గోలయ్యేసరికి రెండు రోజుల్లో వెనక్కి తీసుకుంది. మాస్క్‌డ్ అంటే చివరి నాలుగు అంకెలే కనబడతాయి. దాన్ని లాడ్జివాడు ఒప్పుకుంటే మీ అదృష్టం.

కాకినాడ_కాజా
లాడ్జి అంటే గుర్తొచ్చింది, తిరుమలలో గదికి మాస్క్‌డ్ ఆధార్ ఒప్పుకుంటారా? వచ్చే నెల ఫ్యామిలీతో వెళ్తున్నాం.

విజయవాడ_వాణి
ఒరిజినల్ పట్టుకెళ్లండి. తిరుమలలో గొడవ పెట్టుకోవద్దు.

కాకినాడ_కాజా
పిల్లలకి కూడా కావాలా? చిన్నోడికి ఇంకా బాల ఆధారే ఉంది.

కరీంనగర్_కిట్టు
టాపిక్ తిరుపతికి పోయింది గానీ, సిమ్‌ల సంగతి ఎవరూ చెప్పలేదు. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌కి వెళ్లి మీ నంబరు కొట్టి ఓటీపీ ఇవ్వండి, మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో మొత్తం లిస్టు వస్తుంది. మనిషికి తొమ్మిదే లిమిట్. నా పేరు మీద నేనెప్పుడూ చూడని నంబరొకటి కనబడింది, "నాట్ మై నంబర్" కొట్టాను, కొన్నాళ్లకి లిస్టులోంచి పోయింది. మా పక్క జిల్లా పెద్దపల్లిలో 2018లో సిమ్‌లు అమ్మేవాడే రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రల్ని రబ్బరు స్టాంపు చేసే మిషన్‌తో అచ్చు పోసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికాడు. అప్పుడు పేపర్లన్నీ రాశాయి. శీను బ్రో వాళ్ల అమ్మది కూడా అదే దారి అయ్యుంటుంది.

మిర్చియార్డ్_శీను
పోలీసులూ అదే అన్నారు. డబ్బు తిరిగొచ్చింది లెండి. తప్పు మనది కానప్పుడు మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే నష్టమంతా బ్యాంకుదే అని 2017లో ఆర్‌బీఐ సర్క్యులర్ ఉంది. బ్రాంచిలో గుమాస్తా "ఆధార్ విత్‌డ్రాయల్‌కి మాకు సంబంధం లేదు" అన్నాడు. సర్క్యులర్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెడితే అప్పుడు సంబంధం గుర్తొచ్చింది.

స్వాతి_విశాఖ
నెల్లూరు అన్నా, కంప్లయింట్ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఎక్కడినుంచైనా పెట్టొచ్చు, బెంగళూరా కావలా అని ఆలోచించక్కర్లేదు. 1930 అనేది ఖాతాలో డబ్బు పోయిన వెంటనే చెయ్యాల్సిన నంబరు, మీ కేసుకి పోర్టలే సరిపోతుంది. స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే ఐటీ చట్టం 66సీ అని కంప్లయింట్‌లో రాయండి. వేరేవాళ్ల గుర్తింపు వాడుకుంటే మూడేళ్ల దాకా జైలు ఉంది. నేను వెళ్లిన స్టేషన్‌లో "డబ్బు పోలేదు కదమ్మా, ఇంకేం కేసు" అన్నారు. మీరు అక్నాలెడ్జ్‌మెంట్ చేతికి రాకుండా కదలకండి, ఎందుకంటే ఆ కాగితం జతచేశాకే నా కంపెనీ గ్రీవెన్స్ వాళ్లు జవాబిచ్చారు.

నెల్లూరుచేప
థాంక్స్ స్వాతి గారూ, మాస్టారూ. పోర్టల్లో పెట్టేశాను. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, డబ్బు పడిన ఖాతా చివరి నాలుగు అంకెలు ఇచ్చారు, నాది కాదు. కేవైసీ ఫొటో మాత్రం "ప్రైవసీ కారణాల వల్ల" ఇవ్వరట. నా పేరు మీద లోన్, నాకే ప్రైవసీ!

స్వాతి_విశాఖ
నాకూ మొదట అదే రాశారు. ఆ మెయిలే అంబుడ్స్‌మన్ కంప్లయింట్‌కి జత చెయ్యండి. ముప్పై రోజులు దాటనివ్వండి, లేకపోతే తిప్పి పంపుతారు.

డల్లాస్‌బాబు
ఫ్రీజ్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.

జనగామ_చిన్నరైతు
శీను తమ్మీ, మొన్న గరమైన, మనసుల పెట్టుకోకు. ఇయ్యాల సెలవు దొరికింది, ఊరికొచ్చి అమ్మ ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేద్దామని కూసున్నం. ఓటీపీ ఎంతకీ రాదు. చూస్తే ఆధార్‌కి లింక్ ఉన్న నంబరు మా బావది. ఆయన మస్కట్‌ల ఉన్నడు, ఆ సిమ్ ఎన్నడో బంద్ అయింది.

మీసేవమామ
నంబరు మార్చడానికి పాత ఓటీపీ అక్కర్లేదు. అమ్మని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లు, వేలు పెడితే కొత్త నంబరు ఎక్కిస్తారు. నీ నంబరే ఇవ్వు.

జనగామ_చిన్నరైతు
పత్తి ఏరి ఏరి అమ్మ వేళ్లు అరిగిపోయినయ్ మామా, రేషన్ మిషన్ మీదనే నాలుగైదు సార్లు పెట్టాలె. పడకపోతే?

మీసేవమామ
కన్ను పెడతారు. పొద్దున్నే వెళ్లు, పదకొండు దాటితే టోకెన్లు అయిపోతాయి.