‘ఎంగిలిపూలు’లో ఎంగిలి ఎక్కడిది?

అందరికీ నమస్కారం. ఈసారి ఒక్క మాట మీదే చర్చ పెడుతున్నాను. ఎంగిలిపూలు.

కారణం చెప్తాను. మా అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ తొమ్మిది రోజులకీ కలిపి ఒక కార్డు వేశారు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం, అట్ల బతుకమ్మ, అలిగిన బతుకమ్మ... చివర సద్దుల బతుకమ్మ దాకా అన్నీ ఉన్న పేర్లతోనే ఉన్నాయి. మొదటి రోజు దగ్గర మాత్రం ‘ఎంగిలిపూల బతుకమ్మ’ అనే అసలు పేరు తీసేసి ‘తొలి బతుకమ్మ’ అని ఉంది. ఇదేంటని అడిగితే, "దేవుడి పండుగ కార్డు మీద ఎంగిలి అని ఎట్లా వేస్తామండీ, చూసినవాళ్ళు ఏమనుకుంటారు" అన్నారు. వాళ్ళని తప్పు పట్టను. ఆ మాట వినగానే ఇవాళ ఎవరికైనా ముందు నోరే గుర్తొస్తుంది. కానీ నాకు బాధేసింది. పేరు తీసేస్తే, ఆ పేరు మోస్తున్న సంగతి కూడా పోతుంది.

మా అమ్మమ్మ చెప్పే లెక్క వేరు. పెత్రమాసకు, అంటే పండుగ మొదలయ్యే పెద్దల అమావాస్యకు, ముందురోజు సాయంత్రమే పొలం గట్ల మీంచి తంగేడు, గునుగు కోసుకొచ్చేవాళ్ళం. అమ్మమ్మ గునుగు కట్టలు విప్పి, కాడలన్నీ ఒక్క కొలతకి కోసి, సగం తెల్లగానే ఉంచి సగం రంగునీళ్ళలో ముంచి గోడవారన ఆరబెట్టేది. గునుగుతో బెంగ లేదు, ఎండినా దాని కుచ్చు చెదరదు. తంగేడే సున్నితం, రేకలు రాలిపోతాయి. అందుకని దాన్ని వెదురు గంపలో వేసి, తడిగుడ్డ కప్పి, పడుకునే ముందు ఇంకోసారి నీళ్ళు చిలకరించేది. పొద్దున ఆ గుడ్డ తీస్తే పచ్చివాసన గుప్పుమనేది. "రాత్రంత మనింట్ల ఉన్నయి గద బిడ్డా, అందుకే ఎంగిలిపూలు" అనేది. నోటి సంగతి ఆమె ఎత్తేదే కాదు.

మిగతా చోట్ల వేరే కారణాలు చెప్తారు. కత్తి లేని రోజుల్లో కాడలు పంటితో కొరికి పేర్చేవాళ్ళని కొందరు. అమావాస్య నాడు పెద్దలకు బియ్యం ఇచ్చి, భోంచేశాక బతుకమ్మను పేరుస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఇంకొందరు. నాకు మాత్రం అమ్మమ్మ మాటే మాట పుట్టుకకు అన్నిటికన్నా దగ్గరగా ఉందనిపిస్తోంది.

ఎందుకంటే, ఎంగిలి అనే మాటకి మూలార్థం ఉమ్మి కాదు, మిగిలినది. కన్నడంలో ఇదే మాట ఎంజలు. తమిళంలో ఎచ్చిల్. తమిళంలో దీని క్రియ కూడా ఉంది, ‘ఎంచు’ అంటే మిగులు (మన లెక్కపెట్టే ఎంచుతో దీన్ని కలపకండి). మిగిలిన దాన్ని ‘ఎచ్చం’ అంటారు. తమిళ వ్యాకరణం చదివినవాళ్ళకి పెయరెచ్చం, వినైయెచ్చం తెలిసే ఉంటాయి. వాక్యంలో అర్థం పూర్తికాక, ఇంకా చెప్పవలసింది మిగిలి ఉన్న క్రియారూపాలవి. మన ‘వచ్చిన’, ‘వచ్చి’ లాంటివి. అంటే ఆ మాటకుటుంబం మొత్తానికీ ఇరుసు మిగలడమే. తిన్నాక ఆకులో మిగిలింది ఎంగిలి అయింది, దానికి నోరు తగిలి ఉంటుంది కాబట్టి నోటి తడి కూడా ఎంగిలి అయింది. మనకు ఇప్పుడు ఆ చివరి అర్థమే ముందు తోస్తోంది.

తెలుగులో పాత అర్థం చచ్చిపోలేదు. పిసినారిని ‘ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు’ అంటాం కదా. చేతికి ఉమ్మి అంటిందని కాదు అక్కడ. చెయ్యి విదిలిస్తే అంటుకుని మిగిలిన మెతుకులు రాలతాయి, అవి కాకి తింటుంది, అదీ వాడి భయం. ఎంగిలి అంటే మిగిలిన మెతుకు అని తెలిస్తేనే ఆ సామెత నిలబడుతుంది.

సంస్కృతంలోనూ దారి ఇదే. ఉచ్ఛిష్టం, శేషం రెండూ ‘మిగులు’ అనే ఒక్క ధాతువు నుంచే వచ్చాయి. ఒకదాన్ని చూస్తే చెయ్యి కడుక్కుంటాం. రెండోదాన్ని, గుడిలో శేషవస్త్రంగా కప్పితే, తలవంచి తీసుకుంటాం. అథర్వవేదం 11వ కాండలో యజ్ఞంలో మిగిలిన ఉచ్ఛిష్టాన్నే లోకాలకు ఆధారంగా స్తుతించే సూక్తం ఒకటి ఉంది. మిగిలినది అపవిత్రం అన్నది ఆ మాటలకు పుట్టుకతో వచ్చింది కాదు.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలిస్తుంది. పూజ నియమాల్లో రాత్రి నిలవ ఉన్న పువ్వుని ‘పర్యుషితం’ అంటారు, మామూలుగా పూజకు తీసుకోరు. పూలనే దేవతగా పేర్చే పండుగ మాత్రం, అమ్మమ్మ లెక్కన, ఆ నిలవ పూలతోనే మొదలై, దాన్ని దాచకుండా పేరులోనే చెప్పుకుంటుంది.

మీ ఇళ్ళల్లో ఏం చెప్పేవాళ్ళో రాయండి.

జవాబు: మాది వరంగల్ వైపు. మా అత్తమ్మ అయితే తిన్నాకే పేర్చాలనేది. "ఎంగిలిపడ్డంక పేర్చాలె, ఉత్త కడుపుతోని గాదు" అని మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. దీనికేమంటారు?

నా జవాబు: అక్కా, ఈ ‘ఎంగిలిపడటం’ ఉన్నందుకే ఆ రెండో కారణాన్ని కొట్టిపారేయలేకపోయాను. ఎంగిలిపడటం అంటే ఏదో కాస్త తినడం. ‘పొద్దున్నుంచీ ఎంగిలిపడలేదు’ అంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని. ‘రండి, కాస్త ఎంగిలిపడండి’ అని పిలవడం ఎంత మర్యాదైన పిలుపో పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఇప్పటికీ వినొచ్చు. మిగతా పూజలకి ఉపవాసం ఉంటాం, ఈ రోజు మాత్రం తిని వచ్చి పేరుస్తాం, ఆ తేడానే పేరైందన్నది సబబైన ఊహే. అప్పుడు ఎంగిలి పూలకు కాదు, పేర్చే మనిషికి చెందుతుంది. సమాసంగా చూస్తే ‘ఎంగిలి పూలు’ అన్నప్పుడు విశేషణం పూలకే తగులుతోంది, అందుకే నేను నిలవపూల వైపు మొగ్గాను. మీ అత్తగారి మాట కూడా అంత గట్టిదే.

జవాబు: అంగిలి నుంచి ఎంగిలి వచ్చిందని ఎక్కడో చదివాను. అంగిలికి తగిలింది ఎంగిలి అని.

నా జవాబు: వినడానికి బాగుంటుంది కానీ నిలవదండీ. కన్నడంతో పోల్చి చూడండి. అంగిలికి వాళ్ళ మాట అంగుళ, ఎంగిలికి ఎంజలు. రెండూ అక్కడ దూరంగానే ఉన్నాయి. తెలుగులో ధ్వని దగ్గరపడటంతో చుట్టరికం కలిపేశాం.

జవాబు: శబరి ఎంగిలి పళ్ళు కూడా ఇలాంటివేనా?

నా జవాబు: ఇది అడిగినందుకు సంతోషం. వాల్మీకి రామాయణంలో శబరి పళ్ళు కొరికి చూడటం లేదు. రాముడి కోసం అడవిలో దొరికేవి రకరకాలుగా ‘సంచితం’, అంటే సేకరించి ఉంచానని మాత్రమే అంటుంది. కొరికి రుచి చూసిన కథ తర్వాతి కాలానిది. ముందు దాచి ఉంచడం, ఆ తర్వాత నోరు తగలడం. ఎంగిలి అనే మాట నడిచిన దారే ఆ పళ్ళూ నడిచాయి. మన పూలకీ అదే జరిగిందేమో, కొరికిన కాడల కారణం తర్వాత చేరిందేమో అని నా అనుమానం.

పూలలోనే ఉదాహరణ కావాలంటే శ్రీకృష్ణదేవరాయల కావ్యం పేరే చూడండి. ఆముక్తమాల్యద. తాను తాల్చిన మాలను ఇచ్చినది అని అర్థం. స్వామికి కట్టిన దండని గోదాదేవి ముందు తన కొప్పులో పెట్టుకుని చూసుకుంది. తండ్రి విష్ణుచిత్తుడు అపచారమని తల్లడిల్లాడు. స్వామికి ఆ విడిచిన దండే కావాల్సివచ్చింది. రాయలు ఆ సంగతిని కప్పిపుచ్చలేదు, పుస్తకానికి పేరుగానే పెట్టాడు. మనం ఒక కార్డు మీద వేయడానికి వెనకాడుతున్నాం.

జవాబు: అయితే సద్దుల బతుకమ్మలో సద్ది కూడా నిలవ ఉన్నదేగా? చద్దన్నమే కదా?

నా జవాబు: మాట అదే. చలిది, చల్ది, చద్ది, సద్ది. చలితో ముడిపడిన మాట, చల్లారిన అన్నం. పోతన భాగవతంలో గొల్లపిల్లలు అడవిలో కృష్ణుడితో కూర్చుని తిన్నది ఈ చలిదే. కోస్తాలో చద్ది అంటే రాత్రి మిగిలిన అన్నంగానే నిలిచింది. తెలంగాణలో సద్ది ఇంట్లోంచి కట్టుకుపోయే అన్నం అయింది, సద్దిమూట అన్నట్టు. సద్దుల బతుకమ్మ నాడు చేసే పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది అన్నీ ఆ పూట తాజాగా వండినవే, చెరువు దగ్గరికి కట్టుకుపోతారు కాబట్టి సద్దులు. ఈ మాటకి ఎవరూ ముఖం చిట్లించలేదు, కార్డు మీద నిక్షేపంగా ఉంది.

నిన్న ఈ చర్చంతా ప్రింట్ తీసి మా కమిటీ వాళ్ళకి ఇచ్చాను. కార్డులు పంచేశారు కాబట్టి ఈ ఏడాదికి మార్చలేమన్నారు. గేటు దగ్గర బోర్డు మీద మాత్రం చేత్తో రాయడానికి ఒప్పుకున్నారు. అమావాస్య పొద్దున నేనే రాస్తాను. ఈలోగా, పెత్రమాస బతుకమ్మకి మీ ఊళ్ళో ఇంకేదైనా పేరుంటే ఇక్కడ పెట్టండి, ఊరి పేరుతో సహా.