సమస్యాపూరణం: పూలు రాలెనంచు పొంగె రైతు

ఈ వారం సమస్య, ఆటవెలది చివరి పాదం. పై మూడు పాదాలు మీరు కట్టి పద్యం పూరించాలి:

పూలు రాలెనంచు పొంగె రైతు

మన మామిడి రైతుకి పూత రాలిందంటే గుండె జారిపోతుంది. మరి పొంగేదెవరు? షరతు ఒకటే: తోట ఆపిల్ తోట కావాలి, కాలం వసంతం కావాలి.

ఈ ఆలోచన కోట్‌గఢ్‌లో పుట్టింది. హిమాచల్‌లో సిమ్లా దాటాక వస్తుంది. అమెరికా నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ సత్యానంద స్టోక్స్ 1916లో రెడ్ డెలిషియస్ ఆపిల్ మొక్కలు నాటిన చోటు. నేను వెళ్ళింది ఏప్రిల్‌లో. మొగ్గ గులాబీ రంగు, విచ్చాక తెలుపు. చెట్టు కింద నిలబడి "పండు ఏదీ?" అన్నాను. ఇంటావిడ పడీపడీ నవ్వి, లోపల్నుంచి ఒకటి కోసి తెచ్చింది. కిందటి పంటలోది, కోల్డ్ స్టోరేజీలో దాచినది. అయినా కరకరలాడింది.

కడప తమ్ముడు:

చైత్ర మాసమందు చెట్టునిండుగ పండ్లు
ఎఱ్ఱయెఱ్ఱగుండ నెంత సొంపు
పంట చేతికొచ్చె బాధలు తీరెగా
పూలు రాలెనంచు పొంగె రైతు

తమ్ముడూ, నడక బాగుంది కానీ మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన జత) తప్పింది. ఐత్వం అకారం జట్టు, ఎత్వం ఇకారం జట్టు. చై, చె కలవవు. అంతకన్నా పెద్ద చిక్కు, నువ్వూ నాలాగే చైత్రంలో పండు వెతికావు! హిమాచల్‌లో కోత జులైలో మొదలై అక్టోబరు దాకా సాగుతుంది.

ఖమ్మం మాస్టారు:

తెల్ల రేకు లెల్ల తేలి రాలిన చోట
పిందె తొంగిచూచె బిడ్డవోలె
వాన వెలిసినంత వన్నెకెక్కు నటంచు
పూలు రాలెనంచు పొంగె రైతు

సమస్య ముడి విప్పింది ఇదే. రేకలు రాలాయంటే తేనెటీగ తన పని చేసి వెళ్ళిందన్నమాట. రెడ్ డెలిషియస్ తన పుప్పొడితో తాను కాయదు. మధ్యమధ్య గోల్డెన్ డెలిషియస్ లాంటి చెట్లుండాలి. పూత వేళ తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చి పెట్టుకుంటారు. పూలు రాలాక పిందె నిలిస్తేనే రైతుకి నిద్ర. మాస్టారూ, ఒక్క మాట: "అటంచు" వెంటనే "అంచు" రావడం చెవికి గుచ్చుకుంటోంది. "వన్నెకెక్కును గదా" అంటే చివర నగము అనే గణం పడి లెక్క సరిపోతుంది.

డల్లాస్ అక్కయ్య: మాస్టారి పద్యంలో ఆపిల్ ఊసే లేదు. నిమ్మతోట అన్నా నడుస్తుంది.

ఖమ్మం మాస్టారు: నిజమేనమ్మా. ఆపిల్‌కి పాత మాట సీమరేగు ఉందిగా, పాదం మొదట కావలసిన సూర్యగణాలు రెండు ఉచితంగా దొరుకుతాయి. ఇలా మారుస్తాను:

సీమరేగు రేకు చిందులాడుచు రాల
పిందె తొంగిచూచె బిడ్డవోలె

బాగుంది మాస్టారూ, సకారానికి చకారంతో యతి చెల్లుతుంది. మొదటిదానికన్నా ఇదే నాకు నచ్చింది.

డల్లాస్ అక్కయ్య:

వేయి గంటలైన వెన్నంటి చలిలేక
మొగ్గ కన్ను విప్పి మురియ దనగ
మాఘమాసమందు మౌనమ్ముగా మంచు
పూలు రాలెనంచు పొంగె రైతు

అక్కయ్యా, మూడో పాదం చివర "మంచు" పెట్టి నా పూలని మంచుపూలు చేశారు! మాఘం శిశిరం, కాబట్టి షరతు తప్పినట్టే. కానీ ఆ వేయి గంటల లెక్క నిజం. పాతకాలపు రకాలకి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటలకు పైనే పడాలి. లేకపోతే వసంతంలో పూత సరిగా రాదు. అక్కడి రైతులు మంచుని తెల్ల ఎరువంటారు. షరతు పక్కన పెట్టి మార్కులు వేస్తున్నా.

ఆసిఫాబాద్ నుంచి ఒకరు: మా జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఆపిల్ కాసింది. అక్కడ మంచు ఎక్కడిదండీ?

చలి తక్కువ అడిగే రకాలు వేరే ఉన్నాయండీ, హిమాచల్‌లోనే పుట్టిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 లాంటివి. మీ ఊరి పూత మీద పూరణ మీరే రాయాలి, ఎదురుచూస్తాను.

చివరగా నాది:

రాళ్ళవాన యనుచు రాత్రంత నిదురేది
కప్పు మీద సద్దు గడియ గడియ
తెల్లవారి చూడ తెల్లని రేకులే
పూలు రాలెనంచు పొంగె రైతు

పూతవేళ వడగళ్ళంటే వాళ్ళకి ఎంత టెన్షనో! కొండ మీద చెట్లకి వలలు కప్పుకునేది అందుకే.

కడప తమ్ముడు: అన్నా, పూరేకు పడితే కప్పు మీద సద్దు ఎలా అవుతుంది? అది పిల్లి అయ్యుంటుంది.

దొరికిపోయాను. "కప్పు మీద గాలి గంతులేసె" అని దిద్దుకుంటున్నా. నీ చైత్రం సంగతి ఏం చేశావు?

కడప తమ్ముడు: పండ్లన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టేశానన్నా.