లాంగ్ ట్రిప్‌లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ గ్యాస్ మిగులుస్తుందా, తాగేస్తుందా?

ఫ్రిస్కో_వాసి:
మినీవ్యాన్ మారుస్తున్నాం. నాకు 2025 మోడల్ క్రైస్లర్ పసిఫికా ప్లగ్-ఇన్ మీద మనసుంది: చార్జ్ పెడితే ముందు కరెంటు మీద, అది అయిపోయాక గ్యాస్ (పెట్రోల్) ఇంజిన్ మీద నడుస్తుంది. బావ మాత్రం చార్జ్ పెట్టక్కర్లేని మామూలు హైబ్రిడ్, టొయోటా సియెన్నా తీసుకోమంటున్నారు. నెలకోసారి ఇక్కడ డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి హ్యూస్టన్ దగ్గరి పియర్‌ల్యాండ్‌లో అక్కాబావల ఇంటికి వెళ్తాం, మీనాక్షి గుడి కూడా చూసుకుని వస్తాం. ఒకవైపు సుమారు 280 మైళ్లు. "అంత దూరంలో ప్లగ్-ఇన్ ఎక్కువ తాగుతుంది, ఖాళీ బ్యాటరీని మోసుకు తిరగడమే" అని బావ వాదన. స్టిక్కర్ మీద 82 అని అంత పెద్ద అంకె ఉంటే అదెలా సాధ్యం?

ఐ45_రోజూ:
మీ బావగారి మాట నిజం. ఆ 82 ఎంపీజీఈ, అంటే గ్యాలన్‌కి సమానమైన కరెంటు మీద ఎన్ని మైళ్లు నడుస్తుందనే లెక్క. 33.7 యూనిట్ల కరెంటును ఒక గ్యాలన్ కింద కట్టి వేస్తారు. మీరు చూడాల్సింది దాని పక్కనున్న చిన్న అంకె: బ్యాటరీ అయిపోయాక 30 ఎంపీజీ, అంటే గ్యాలన్‌కి 30 మైళ్లు. సియెన్నా మొదటి మైలు నుంచీ 36 ఇస్తుంది. అసలు ప్లగ్-ఇన్‌లు కాగితం మీద ఒకలా, రోడ్డు మీద ఇంకోలా ఉంటాయి. 2021లో రిజిస్టరైన కార్ల రీడింగులు చూసి యూరోపియన్ కమిషన్ 2024లో చెప్పింది కదా, ప్లగ్-ఇన్‌లు వదిలే కార్బన్ డయాక్సైడ్ ల్యాబ్ లెక్కకి మూడున్నర రెట్లు ఉందని. నా మట్టుకు నాకు ఇది కొనుక్కునేవాళ్లని మభ్యపెట్టడమే.

లెక్కల_బాబాయ్:
అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. యూరప్ లెక్క అలా రావడానికి ముఖ్య కారణం, జనం అనుకున్నంతగా చార్జ్ పెట్టకపోవడం. ఫ్రిస్కో తమ్ముడు రాత్రి చార్జ్ పెట్టి పొద్దున బయల్దేరతాడనే అనుకుందాం.

పసిఫికా మొదటి 32 మైళ్లు కరెంటు మీద పోతుంది. మిగతా 248 మైళ్లకి 30 చొప్పున 8.3 గ్యాలన్లు. సియెన్నాకి 280 మైళ్లకి 7.8. అంటే అర గ్యాలన్ తేడాతో బావగారిదే గెలుపు. కానీ ఇదే లెక్క 192 మైళ్ల దగ్గర సరిసమానమవుతుంది. అంతకంటే దగ్గరి ఊరైతే పసిఫికాకే తక్కువ గ్యాస్ పడుతుంది. టొయోటా ఎస్‌యూవీ ఆర్ఏవీ4, 2024 మోడల్ చూడండి: ప్లగ్-ఇన్‌కి 42 ఎలక్ట్రిక్ మైళ్లు, ఆ తర్వాత 38. మామూలు హైబ్రిడ్‌కి 40. అక్కడ సరిసమానమయ్యేది 840 మైళ్లకి! ఒకే చార్జ్ మీద అంత దూరం ఎంతమంది వెళ్తారు? కాబట్టి "ప్లగ్-ఇన్ తాగుతుంది" అనే ముందు ఏ బండి, ఎంత దూరం అని అడగాలి.

పోయిన నెల మా స్నేహితుడి పసిఫికాలో హ్యూస్టన్ వెళ్లాను. నిండా చార్జ్ ఉన్న బండి. డల్లాస్ డౌన్‌టౌన్ భవనాలు వెనక్కి పోతుండగానే డాష్‌బోర్డు మీద ఎలక్ట్రిక్ మైళ్లు సున్నా అయ్యాయి, ఇంజిన్ అందుకుంది. ఇంకా 240 మైళ్లు ఉంది. దారిలో మ్యాడిసన్‌విల్ బకీస్ గ్యాస్ స్టేషన్‌లో పిల్లల కోసం ఆగిన ఇరవై నిమిషాల్లో చార్జ్ చేద్దామంటే కుదరదు. దీనికి ఫాస్ట్ చార్జింగే లేదు, 240 వోల్టుల మీదైనా 2 గంటలు కావాలి. హైవే మీద ఇంజిన్ వాడి, చివర్లో ఊళ్లో ట్రాఫిక్‌కి బ్యాటరీ దాచుకుందామన్నా పసిఫికాలో ఆ బటన్ లేదు. ఆర్ఏవీ4 ప్లగ్-ఇన్‌లో ఉంది. నిదానంగా, ఆగి ఆగి పోయేచోట కరెంటు, ఒకే వేగంతో పోయేచోట ఇంజిన్. అదే సరైన వాడకం.

బే_ఏరియా_అక్క:
కరెంటు ఊరికే వస్తున్నట్టు లెక్క వేస్తున్నారేం? మాకు అర్ధరాత్రి రేటే యూనిట్‌కి 30 సెంట్ల చుట్టూ ఉంటుంది. ఆర్ఏవీ4 ప్లగ్-ఇన్ 42 మైళ్లకి సుమారు 15 యూనిట్లు తీసుకుంటుంది, అంటే నాలుగున్నర డాలర్లు. గ్యాస్ గ్యాలన్ 4.80 ఉన్నా, మామూలు హైబ్రిడ్‌కి అదే దూరం 5 డాలర్లలో అయిపోతుంది. ఆ అర డాలర్ కోసం కొనేటప్పుడు వేలు ఎక్కువ పెట్టాలా?

లెక్కల_బాబాయ్:
మీ దగ్గర నిజమేనమ్మా, నేను కాదనను. టెక్సాస్‌లో యూనిట్ అందులో సగానికే దొరుకుతుంది. తమ్ముడూ, రోజూ ఎంత తిరుగుతావు? తిరుగు ప్రయాణానికి అక్కడ చార్జ్ పెట్టుకోగలవా? పెట్టకపోతే రావడానికి 9.3 గ్యాలన్లు, సియెన్నా కంటే గ్యాలన్నర ఎక్కువ.

ఫ్రిస్కో_వాసి:
ఆఫీసుకి రానూపోనూ 28 మైళ్లు, వారానికి ఐదు రోజులు. అదంతా కరెంటు మీదే అయిపోతే సియెన్నా కంటే వారానికి దాదాపు 4 గ్యాలన్లు మిగులుతాయి. నెలకోసారి పియర్‌ల్యాండ్‌కి వెళ్లేటప్పుడు అర గ్యాలన్, అక్కడ చార్జ్ పెడితే వచ్చేటప్పుడు ఇంకో అర గ్యాలన్ ఎక్కువ పడడం నాకు బరువు కాదు. బావకి ఫోన్ చేసి ఈ లెక్కంతా చదివాను. "ట్రిప్ వరకు నేనే గెలిచానుగా" అని, తర్వాత గ్యారేజీలోకి వెళ్లి చూశారు. బియ్యం బస్తాల వెనక మామూలు 120 వోల్టుల ప్లగ్ ఉందట. దాని మీద పూర్తిగా నిండడానికి సుమారు 14 గంటలు పడుతుంది, సాయంత్రమే పెట్టేస్తే పొద్దునకి సరిపోతుంది. బస్తాలు ఈ శనివారం జరుపుతామన్నారు.