చెంచు గూడేనికి ఉమ్మడి అటవీ హక్కు: ఫైలు ఎలా కట్టాలి? (ఒక చర్చ; మాట్లాడినవాళ్లకు పేర్ల బదులు పేటల పేర్లు)

బ్రాడీపేట: పల్నాడు జిల్లా వెల్దుర్తి మండలంలో ఒక చెంచు గూడెం. తేనె, తపసి జిగురు, కుంకుళ్లు తెచ్చుకునే అడవి మీద ఉమ్మడి హక్కు అడగాలనుకుంటున్నారు. అది టైగర్ రిజర్వ్ కాబట్టి అటవీ హక్కుల చట్టం వర్తించదని ఎవరో చెప్పారట. నిజమేనా? ఏ ఫారం వేయాలి? పాత కాగితం ఒక్కటీ లేదు.

బెంజ్ సర్కిల్: వర్తిస్తుందండీ. 2006 నాటి ఆ చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా. ఇక ఫారం. ఫారం ఎ ఎవరి సాగు భూమికి వాళ్లు వేసుకునేది. తేనె, జిగురు, గడ్డలు, మేత, చేపల కోసం ఫారం బి. ఆ అడవిని కాపాడుకునే, చూసుకునే హక్కు కోసం ఫారం సి. బి, సి రెండూ వేయించండి. బి ఒక్కటే వేస్తే ఏరుకోవడానికి పనికొస్తుంది, అడవిని ఎలా చూసుకోవాలో చెప్పే అధికారం రాదు.

అరండల్‌పేట: అంతకన్నా ముందు గ్రామసభ చూసుకోండి, ఫైళ్లు చాలావరకు అక్కడే చెడతాయి. పల్నాడు షెడ్యూల్డ్ ప్రాంతం (గిరిజన ప్రాంతంగా ప్రకటించినది) కాదు కనుక పంచాయతీ మొత్తానికి కలిపి సభ పెడతారు. కోరానికి (సభ చెల్లడానికి కావాల్సిన హాజరుకి) సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు కావాలి. పెద్ద పంచాయతీలో అది జరిగే పని కాదు. చట్టంలోని సెక్షన్ 2(పి) చూపించండి: పాత ఆవాసాలు, సర్వే కాని ఊళ్లు గ్రామంగా ప్రకటించకపోయినా గ్రామాలే. సభ గూడేనికే పెట్టించండి. అందులో 10 నుంచి 15 మందితో హక్కుల కమిటీ ఎన్నుకోవాలి. మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడో వంతు మహిళలు తప్పనిసరి.

బ్రాడీపేట: మరి సాక్ష్యం?

బెంజ్ సర్కిల్: రెండు ఉంటే చాలు. ఒకటి పెద్దల వాంగ్మూలం. క్లెయిమ్ వేసేవాళ్లు కాని పెద్దలని ఈ చట్టం నియమాల్లో రూల్ 13లో ఉంది. ఉమ్మడి క్లెయిమ్‌లో గూడెమంతా క్లెయిమ్‌దారులే కదా! అందుకే పక్క గూడెం ముసలివాళ్ల చేత చెప్పించి రాయండి. రెండోది నేల మీద కనిపించేవి: మొక్కే చెట్టు, శ్మశానం, నీటి చెలమ, మందుమొక్కలు తెచ్చే చోటు. 'చుట్టుపక్కల అడవి' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. గూడెంవాళ్లు పిలిచే పేరే రాయండి, ఏ నెలలో ఏం దొరుకుతుందో, ఏ దారిన వెళతారో చేర్చండి. ముందు వాళ్లతో హద్దు నడవండి, ఫోన్‌లో జీపీఎస్ గుర్తులు ఆ తర్వాత. హద్దు పక్క గూడెం హద్దుతో కలిస్తే రెండు గూడేల హక్కుల కమిటీలూ కూర్చుని తేల్చుకోవాలి. తేలకపోతే గ్రామసభ పైన క్లెయిమ్‌లు చూసే సబ్ డివిజన్ కమిటీకి పోతుంది.

కొత్తపేట: అటవీ సిబ్బంది తనిఖీకి రాకపోతే పని ఆగిపోతుందా?

అరండల్‌పేట: ఆగదు. నోటీసు ఇచ్చి రసీదు పెట్టుకోండి. తర్వాత 'మేం లేము' అని అభ్యంతరం పెడితే ఫైలు గ్రామసభకు తిరిగొస్తుంది. రెండోసారీ రాకపోతే తనిఖీ విషయంలో సభ నిర్ణయమే ఖరారు. ఉపగ్రహ చిత్రంలో ఏమీ కనిపించలేదనే మాట ఒక్కటే పట్టుకుని తోసిపుచ్చకూడదు, అది అదనపు సాక్ష్యం మాత్రమే. అయినా చెట్టు కింద తేనె తీసేది ఏ ఉపగ్రహానికి కనిపిస్తుందిలెండి!

కొత్తపేట: తిరస్కరిస్తే?

అరండల్‌పేట: కారణాలతో రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటిమాట ఒప్పుకోవద్దు. కాగితం అందిన తేదీ దాని మీదే రాసుకోండి, 60 రోజుల గడువు అక్కణ్నుంచే. సబ్ డివిజన్ కమిటీ కాదంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్లాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ మండలానికి కలెక్టరేట్ నరసరావుపేటలో ఉంది, అలవాటుకొద్దీ గుంటూరుకు పంపితే గడువులో రోజులు పోతాయి.